గేరు మార్చే పని ఎవరిది

కారు కొనాలని నిశ్చయించుకున్న కుటుంబం మోడలు, రంగు, ఇంధనం తేల్చుకున్న తరువాత మరొక ప్రశ్న దగ్గర ఆగుతుంది. గేర్లు చేత్తో మార్చుకునే మాన్యువల్ తీసుకోవాలా, యంత్రమే మార్చుకునే ఆటోమేటిక్ తీసుకోవాలా? సాధారణంగా దీనికి జవాబు షోరూములోని ధరల పట్టిక దగ్గరో, ఇప్పటికే కారున్న బంధువు మాటలోనో దొరుకుతుంది. ఆ కారు రోజూ ఏ దారిన, ఎంత వేగంతో, ఇంట్లో ఎవరెవరి చేతుల మీద నడవబోతోందన్న విచారణ మాత్రం అరుదుగా జరుగుతుంది. నిజానికి ధరలోని తేడా ఒకసారి చెల్లిస్తే తీరిపోయేది కాగా, దారీ శరీరమూ కారు ఉన్నంతకాలం ఉండేవి కనుక, ఎంపిక అక్కడి నుంచి మొదలు కావడమే న్యాయం.

ఇంజనుకు గేర్లు ఎందుకు కావలసి వచ్చాయో తెలిస్తే మిగిలిన విషయమంతా సులభంగా అర్థమవుతుంది. పెట్రోలు ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్ల దగ్గర నిలకడగా తిరుగుతూ, ఆరు వేల చుట్ల చేరువలో తన హద్దుకు వస్తుంది. అంతకన్నా బాగా తగ్గితే ఆగిపోతుంది, బాగా పెరిగితే దెబ్బతింటుంది. చక్రాలు మాత్రం నిశ్చల స్థితి నుంచి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగం వరకు తిరగవలసి ఉంటుంది. ఇరుకైన ఇంజను పరిధిని విశాలమైన చక్రాల పరిధికి సరిపెట్టే పళ్లచక్రాల అమరికే గేర్‌బాక్సు. మొదటి గేరులో ఇంజను అనేక చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. పై గేర్లకు వెళ్లేకొద్దీ ఈ నిష్పత్తి తగ్గుతూ వస్తుంది. గేరు మార్చేటప్పుడు ఇంజనును చక్రాల నుంచి క్షణకాలం విడదీసి, తిరిగి మెల్లగా కలిపేది క్లచ్. నిలిచిన కారును కదిలించేటప్పుడు తిరుగుతున్న ఇంజనూ కదలని చక్రాలూ ఒకే వేగానికి వచ్చేదాకా క్లచ్ ప్లేటు కొంత జారుతూ కొంత పట్టుకుంటూ ఉండాలి. డ్రైవింగ్ స్కూళ్లలో హాఫ్ క్లచ్ అని నేర్పేది ఈ స్థితినే. ఆ జారుడులో వేడి పుడుతుంది, ప్లేటు అరుగుతుంది. ఆ పనంతా మాన్యువల్ కారులో ఎడమ కాలి మీద పడుతుంది.

ఖాళీగా ఉన్న జాతీయ రహదారిపై ఈ భారం దాదాపు తెలియదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో టోల్ గేట్లు, ఊళ్ల దగ్గరి కూడళ్లు మినహాయిస్తే కారు ఎక్కువసేపు పై గేరులోనే సాగుతుంది కాబట్టి క్లచ్‌తో పెద్దగా పని ఉండదు. అదే కారు సాయంత్రం వేళ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపో, హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి వైపో, విజయవాడలో బెంజి సర్కిల్ మీదుగానో కదిలేటప్పుడు మొదటి గేరుకూ న్యూట్రల్‌కూ మధ్య ఊగిసలాడుతూ, మీటర్ల చొప్పున ముందుకు జరుగుతుంది. ప్రతి జరుగుడుకూ క్లచ్ తొక్కాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి. కాలికి కలిగే అలసటను చాలామంది లెక్కచేయరు గానీ, దానికన్నా విలువైనదొకటి ఇక్కడ ఖర్చవుతోంది: ఆటోల మధ్య నుంచి దూరి వచ్చే ద్విచక్ర వాహనాన్నీ, డివైడరు దాటి రోడ్డు మీదకు అడుగేస్తున్న మనిషినీ గమనించవలసిన శ్రద్ధలో కొంత భాగం పాదాల సమన్వయానికి పోతుంది. అనుభవం పెరిగేకొద్దీ ఆ భాగం తగ్గుతుందన్నది నిజమే. అలసిన సాయంత్రం అది మళ్లీ పెరుగుతుందన్నదీ అంతే నిజం.

అందువల్ల షోరూముకు వెళ్లే ముందు, ఇప్పుడున్న కారులోనో, క్యాబులోనో, స్నేహితుల వాహనంలోనో ఒక వారం పాటు నిత్యం తిరిగే దారినే గమనించి, మొత్తం ప్రయాణ సమయంలో ఎంత భాగం మొదటి, రెండవ గేర్లలో గడుస్తోందో రాసుకోవడం మంచి పద్ధతి. దూరాన్ని కొలిస్తే ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఇరవై కిలోమీటర్ల ప్రయాణంలో రద్దీగా ఉన్నది ఐదు కిలోమీటర్లే కావచ్చు, కాలంలో మాత్రం సగానికి మించి దానికే పట్టవచ్చు. సగం కన్నా ఎక్కువ సమయం ఆ రెండు గేర్లలోనే పోతున్న ఇంటికి ఆటోమేటిక్‌ను అవసరంగానే చూడాలి, విలాసంగా కాదు. ఆ సమయం స్వల్పంగా ఉండి, పొలాలకూ పక్క ఊళ్లకూ ప్రయాణించే కుటుంబానికి మాన్యువల్ ఇప్పటికీ చవకైన, నమ్మదగిన, చిన్న ఊరి మెకానిక్కు కూడా చేతిలో విద్య అయిన యంత్రం.

అయితే ఆటోమేటిక్ అన్న పేరుతో అమ్ముడవుతున్నది ఒకే యంత్రం కాదు. స్వభావంలో బాగా వేరైన నాలుగు రకాలు ఆ ఒక్క పేరు కింద ఉన్నాయి. వాటిని విడివిడిగా ఎరగనివారు ఒకదాని సుఖాన్ని ఆశించి మరొకదాన్ని కొని నిరాశపడుతుంటారు.

భారతదేశంలో సామాన్య కుటుంబానికి అందుబాటులోకి వచ్చిన రకం ఏఎంటీ. 2014లో మారుతీ సుజుకీ సెలెరియోతో ఇది దేశంలో అడుగుపెట్టింది. ఆ సంస్థ దీన్ని ఏజీఎస్ అని పిలుస్తుంది. దీనిలో కొత్త గేర్‌బాక్సంటూ ఏమీ లేదు. మాన్యువల్ కారులో ఉండే గేర్లూ క్లచ్చే ఉంటాయి. క్లచ్ తొక్కే పనినీ గేరు మార్చే పనినీ కంప్యూటరు ఆజ్ఞతో పనిచేసే చిన్న యంత్రాంగం చేపడుతుంది, అంతే. అందుకే దీనికి అదనంగా చెల్లించవలసింది సాధారణంగా 50 వేల రూపాయల అటూఇటూ ఉంటుంది, మైలేజీ కూడా మాన్యువల్‌కు దగ్గరగానే వస్తుంది. దీని బలహీనతకూ మూలం అక్కడే ఉంది. గేరు మారే క్షణంలో ఇంజను బలం చక్రాలకు అందదు కాబట్టి, ముఖ్యంగా మొదటి గేరు నుంచి రెండవదానికి, రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు కారు కాస్త వెనక్కి తగ్గి మళ్లీ అందుకున్నట్టు అనిపిస్తుంది, కూర్చున్నవారి తలలు ముందుకు ఊగుతాయి. యాక్సిలరేటరును గట్టిగా అదిమే అలవాటున్నవారికి ఈ కుదుపు ఎక్కువగా తెలుస్తుంది. గేరు మారబోతున్నదని పసిగట్టి పాదాన్ని ఒక్క క్షణం సడలించేవారికి అది చాలావరకు మాయమవుతుంది. ఈ మెళకువ పట్టుబడడానికి ఎక్కువ కాలం పట్టదు కానీ, దాన్ని ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎందరో మంచి కారును చెడ్డ కారుగా భావించి తొందరపడి అమ్ముకుంటున్నారు.

ఏఎంటీ విషయంలో ఇంకొక హెచ్చరిక తప్పనిసరి. ఎత్తు మీద, ఉదాహరణకు ఫ్లైఓవర్ ఎక్కే చోట ముందరి వాహనాలు ఆగినప్పుడు, కారు వెనక్కి జారకుండా యాక్సిలరేటరును కొద్దిగా నొక్కి నిలబెట్టడం చాలామందికి సహజంగా తోచే పని. అలా చేసినంతసేపూ లోపల క్లచ్ ప్లేటు హాఫ్ క్లచ్ స్థితిలో కాలుతూనే ఉంటుంది. తొక్కుతున్నది మనిషి పాదం కాకపోయినా అరిగేది అదే ప్లేటు. ఎత్తున ఆగినప్పుడు బ్రేకుతోనో, హ్యాండ్‌బ్రేకుతోనో నిలపడమే సరైన విధానం. బ్రేకు వదిలిన తరువాత కూడా రెండు మూడు క్షణాలు కారును పట్టి ఉంచే హిల్ హోల్డ్ సౌకర్యం కొనబోయే వేరియంటులో ఉన్నదా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి. సన్‌రూఫ్ కన్నా ఇది ఎన్నో రెట్లు విలువైనది.

రెండవ రకం టార్క్ కన్వర్టర్. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం జనరల్ మోటార్స్ 1939లో ప్రకటించిన హైడ్రామాటిక్ గేర్‌బాక్సు నుంచి ద్రవం సాయంతో పనిచేసే ఆటోమేటిక్‌ల వ్యాప్తి మొదలైంది. ఆ పరంపరలో పరిణతి చెందిన రూపమే ఇది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండవది తిరిగినట్టుగా, ఇక్కడ ఇంజను తిప్పే చక్రం నూనెను విసురుతుంటే ఎదుటి చక్రం ఆ నూనె తోపుకు తిరుగుతుంది. రాపిడితో పట్టుకునే ప్లేటు మధ్యలో లేకపోవడం వల్ల కారు మెత్తగా కదులుతుంది. బ్రేకు మీద నుంచి కాలు తీయగానే దానంతటదే నెమ్మదిగా ముందుకు పాకుతుంది. ఆగుతూ సాగే రద్దీకి ఇంతకన్నా సహనం గల యంత్రం మరొకటి లేదని చెప్పవచ్చు. ధర ఎక్కువ, ఇంధనం కొంత ఎక్కువ తాగుతుంది.

మూడవదైన సీవీటీలో మెట్లలాంటి గేర్లే ఉండవు. వ్యాసం పెంచుకోగల, తగ్గించుకోగల రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతూ నిష్పత్తిని తెంపు లేకుండా మారుస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ 1958లో తన చిన్న కారులో ఈ సూత్రాన్ని వాడి ప్రాచుర్యంలోకి తెచ్చింది. నగరంలో ఇది అతి మృదువుగా నడుస్తుంది. ఓవర్‌టేక్ చేయడానికి ఒక్కసారిగా నొక్కితే మాత్రం ఇంజను శబ్దం ముందు పెరిగి, వేగం ఆ వెనక నింపాదిగా వస్తుంది. రెండు వరుసల రోడ్ల మీద లారీలను తరచూ దాటవలసినవారు ఈ ఆలస్యాన్ని ముందుగా రుచి చూసి గాని నిర్ణయించుకోకూడదు. నాలుగవది డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు. బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు మరొకటి ఉండడం వల్ల తరువాతి గేరు ముందే సిద్ధంగా నిలిచి క్షణంలో మారిపోతుంది. వేగంగా నడపడాన్ని ఇష్టపడేవారికి ఇది ముచ్చటైనదే అయినా, నూనెలో మునగని పొడి క్లచ్‌లున్న రకం అంగుళం అంగుళంగా జరిగే రద్దీలో వేడెక్కి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక చూపే సందర్భాలుంటాయి. అలాంటి చోట ముందు వాహనం కొన్ని మీటర్లు కదిలేదాకా బ్రేకు మీదే ఆగి, ఆ తరువాత ఒక్కసారిగా ఆ ఖాళీని పూరించడం క్లచ్‌కు మేలు.

నగరం గురించి ఇంత చెప్పుకున్న తరువాత కొండదారుల సంగతిని దాటవేయడం కుదరదు. తెలుగు కుటుంబాల్లో కారు కొన్న ఏడాదిలోపే తిరుమలకో, శ్రీశైలానికో, అరకుకో ప్రయాణం పడుతుంది. అక్కడ ఎక్కడం కన్నా దిగడమే పెద్ద పరీక్ష. తిరుమలలో 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కిందికి దిగే దారి. మెలికలు అధికంగా ఉన్నదీ అదే. అలాంటి దిగుడులో మాన్యువల్ కారు నడిపేవారు రెండవ గేరులో ఉంచి, ఇంజను ప్రతిఘటనతోనే వేగాన్ని అదుపు చేస్తారు. దీన్నే ఇంజను బ్రేకింగ్ అంటారు. ఆటోమేటిక్‌లో డీ అనే స్థానంలోనే వదిలేసి దిగితే, యాక్సిలరేటరు నుంచి కాలు తీసిన కారణంగా గేర్‌బాక్సు బలం అక్కర్లేదని భావించి పై గేరుకు వెళ్లే అవకాశం ఉంది. అప్పుడు కారును ఆపే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఎడతెరిపి లేకుండా నొక్కిన బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, పట్టు సన్నగిల్లుతుంది, మరీ వేడెక్కితే బ్రేకు ద్రవం మరిగి పెడలు మెత్తబడిపోతుంది. ప్రాణాంతకమైన ఈ స్థితి పూర్తిగా నివారించదగినది. గేరు మీటను మాన్యువల్ మోడుకో, ఎల్ లేదా ఎస్ స్థానానికో మార్చి, అదే వాలును ఎక్కడానికి ఏ గేరు కావలసి ఉండేదో ఆ గేరులోనే దిగాలి. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో సాధారణంగా బీ స్థానమో, వేగం తగ్గేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే రీజెన్ స్థాయిలో మార్పో ఈ పని చేస్తుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజెన్ బలం తగ్గుతుంది కాబట్టి, కొండ మీద పూర్తిగా ఛార్జి చేసుకుని వెంటనే దిగడం మంచిది కాదు. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం ఏ రకం కారులోనైనా దుస్సాహసమే; ఇంజను ఆపి దిగితే బ్రేకులకు సాయపడే వాక్యూం శక్తి కూడా ఒకటి రెండు నొక్కుళ్లకే అయిపోతుంది.

ఖర్చు విషయానికి వస్తే, ఏఎంటీ కాని ఆటోమేటిక్‌లకు మాన్యువల్ కన్నా లక్ష రూపాయలకు పైబడిన తేడా సాధారణం. ఇంధనంలో తేడాను ఊహించి భయపడేకన్నా లెక్క వేసుకోవడం నయం. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగే కారు మాన్యువల్‌లో లీటరుకు 16, ఆటోమేటిక్‌లో 14 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, దాదాపు 89 లీటర్ల పెట్రోలు అదనంగా కావాలి. లీటరు 108 రూపాయల లెక్కన అది సుమారు 9,600 రూపాయలు, అంటే నెలకు 800. ఈ మొత్తం కొందరికి స్వల్పం, కొందరికి కాదు. ఎవరి లెక్క వారే వేసుకోవాలి. దానికి ఎదురుగా, రద్దీలో మాన్యువల్ క్లచ్ త్వరగా అరిగి దాన్ని మార్చడానికి అయ్యే వేలనూ, అటువైపు ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె మార్పిడికీ ఏదైనా పాడైతే మరమ్మతుకూ అయ్యే మొత్తాన్నీ ఉంచి చూడాలి. వారంటీ ముగిసిన పాత ఆటోమేటిక్‌ను, సర్వీసు చరిత్ర చూడకుండా, ధర తక్కువని కొనడం మాత్రం వివేకం కాదు.

లెక్కల్లో చేరని అంశం ఇంట్లోని మనుషులు. చేతిలో లైసెన్సు ఉండి కూడా స్టీరింగు పట్టనివారు తెలుగిళ్లలో తక్కువేమీ కాదు. వారిలో చాలామందిని ఆపుతున్నది రోడ్డు భయం కన్నా, సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతే వెనక నుంచి మోగే హారన్ల భయం. ఎత్తు మీద కారు వెనక్కి జారుతుందేమోనన్న ఆందోళన ఒక్కసారి మనసులో నాటుకుంటే, అది నైపుణ్యం లోపంగా కాక స్వభావ లోపంగా కనిపించడం మొదలవుతుంది, నాకు చేతకాదన్న ముద్ర పడిపోతుంది. అలాంటి వ్యక్తికి ఆటోమేటిక్ కారు అందితే, కార్యాలయానికో, ఆసుపత్రికో, పుట్టింటికో ఎవరినీ అడగకుండా వెళ్లగల స్వేచ్ఛ అందినట్టే. ఎడమ మోకాలి అరుగుదలతోనో, నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పితోనో బాధపడుతూ అరవై దాటిన వయసులోనూ స్వయంగా నడుపుకోవాలనుకునే పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. గేరు మార్చలేనివారు డ్రైవర్లే కారన్న ఎగతాళి కుటుంబ సమావేశాల్లో ఇప్పటికీ వినిపిస్తుంటుంది. మనుషులను ఇంట్లో కూర్చోబెట్టే ఆ మాటను ఎంత త్వరగా వదిలిపెడితే అంత మంచిది. అలాగని మాన్యువల్ నడపడంలో ఆనందం పొందేవారిని పాతకాలపువారిగా చూడడమూ సరికాదు. ఇంజను స్వరం విని గేరు ఎంచుకోవడంలో ఒక పనివాడి తృప్తి ఉంది.

నిర్ణయానికి ముందు టెస్ట్ డ్రైవ్ తప్పనిసరి, అదీ షోరూము వారు చూపే ఖాళీ రోడ్డు మీద కాదు. రోజూ నడపబోయే వారందరూ వంతులవారీగా నడపాలి. నలుగురు కూర్చుని, ఏసీ వేసి, అసలైన రద్దీలోకి వెళ్లాలి. వీలైతే అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీద మధ్యలో ఆపి మళ్లీ ఎక్కించాలి, అదే ర్యాంపు మీద రివర్సులో నిదానంగా ఎక్కించి చూడాలి. ఏఎంటీ, డీసీటీ రకాల నిగ్రహం బయటపడేది ఈ పరీక్షలోనే.

నేర్చుకోవడం ఏ కారు మీద మొదలుపెట్టాలన్న సందేహమూ తరచుగా వస్తుంది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ద్విచక్ర వాహనాలకు గేరు ఉన్నవి, లేనివి అని లైసెన్సులో భేదం పాటించినా, తేలికపాటి కార్ల విషయంలో అలాంటి భేదం పెట్టలేదు. బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఆటోమేటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారు ఆటోమేటిక్‌నే నడపాలి, కనుక చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లాలనుకునేవారు మాన్యువల్ నేర్చుకోవడం ఉపయోగకరం. అమెరికా వెళ్లేవారికి ఆ అవసరం దాదాపు ఉండదు. చట్టం అడ్డుచెప్పకపోయినా, ఆటోమేటిక్ మీద మాత్రమే నేర్చుకున్నవారు స్నేహితుల మాన్యువల్ కారు తాళం అందుకునే ముందు ఖాళీ స్థలంలో తగినంత సాధన చేయడం తమకూ ఇతరులకూ క్షేమం.

మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కు మారేవారికి తొలి వారాల్లో ప్రమాదం ఎడమ కాలి నుంచే వస్తుంది. క్లచ్ కోసం వెతికే పాత అలవాటుతో అది వెడల్పాటి బ్రేకు పెడలును బలంగా తొక్కితే, కారు నడిరోడ్డు మీద ఉన్నపళంగా ఆగిపోయి, వెనక వచ్చే వాహనం గుద్దుకునే ముప్పు ఉంది. ఎడమ పాదాన్ని దానికోసమే ఉన్న మెట్టు మీద ఆనించి, బ్రేకుకూ యాక్సిలరేటరుకూ కుడి పాదం ఒక్కటే వాడే నియమాన్ని మొదటి రోజు నుంచే పాటించాలి. ఇంట్లో రెండు రకాల కార్లూ ఉన్నవారు ఇంజను స్టార్ట్ చేసే ముందు, ఇవాళ కూర్చున్నది ఏ కారులోనో ఒకసారి మనసులో అనుకోవడం మంచిది. కారు నిలిపేటప్పుడు బ్రేకు నొక్కి ఉంచి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఆ తరువాతే పీ (పార్కింగ్) స్థానానికి మార్చాలి. వాలు మీద ముందే పీ వేసి బ్రేకు వదిలేస్తే కారు బరువంతా గేర్‌బాక్సులోని ఒక చిన్న పంటి మీద వేలాడుతుంది, మీట తిరిగి కదలడానికి మొరాయిస్తుంది. చాలా ఏఎంటీ కార్లలో పీ అన్న స్థానమే ఉండదు. వాటిని, తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చెప్పిన ప్రకారం, గేరులోనే ఉంచి ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి దిగాలి.